నిద్రలో ఉండగా ప్రభువు వస్తే

సహోదరీ సహోదరులారా, పోయిన వర్షాకాలమంతా నేను గొంతులో నిమ్మకాయంత గడ్డ పెట్టుకుని, ఆపరేషన్ చేయించుకోనంటే చేయించుకోనని గుడివాడలో మా ఇంట్లో మొండికేసి కూర్చున్నాను. అన్నం ముద్ద మింగాలంటే పక్కన నీళ్ళ గ్లాసు ఉండాలి, ఎడమవైపు తిరిగి పడుకుంటే ఊపిరి ఈల వేసినట్టు వచ్చేది, బడిలో పిల్లలకు పద్యం చెప్పబోతే సగంలో గొంతు పట్టేసేది. డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించి, ఈ గడ్డ గాలిగొట్టాన్ని పక్కకు నెడుతోందమ్మా, ఇది మంచిదో చెడ్డదో తీసి పరీక్ష చేస్తేగాని తెలియదు, ఆలస్యమయ్యేకొద్దీ మత్తివ్వడం కూడా కష్టమవుతుంది అని చెప్పారు. మావారు, చుట్టాలు, బడిలో తోటి టీచర్లు, అందరూ నేను కత్తికి భయపడుతున్నాననుకున్నారు. కత్తి గొడవే కాదండీ అది! మా అమ్మాయిని కోతతోనే కన్నాను, అప్పుడు నడుముకు మాత్రమే మత్తిచ్చారు కాబట్టి మొదటినుంచి చివరిదాకా పాటలు పాడుకుంటూ మెలకువగానే ఉన్నాను. ఈసారి మనిషికి మొత్తంగా మత్తిస్తారట. నేను తెలివి లేకుండా, పెదవి మీద ప్రార్థన లేకుండా, నోట్లో గొట్టంతో బల్ల మీద పడి ఉన్న ఆ కాసేపట్లో ప్రభువు వచ్చి, మెలకువగా ఉన్నవాళ్ళను తీసుకుని వెళ్ళిపోతే నా గతేమిటి? ఇదీ నా భయం. ఈ మాట పైకి చెప్పుకోలేక, ఊపిరాడక, రెండు విధాలా ఉక్కిరిబిక్కిరైపోయాను.

మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను, ఈమధ్య నేనూ నవ్వుకుంటున్నాను. నా పేరు కరుణ, నందివాడ దగ్గర ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని, మావారు బస్సు కండక్టరు. పిల్లలకు ఎక్కాలు నేర్పే మనిషిని, ఎవరైనా అడ్డగోలుగా మాట్లాడితే అక్కడికక్కడే నిలదీసే నోరు కూడా ఉంది, అయినా ఈ ఒక్క విషయం మాత్రం నా తలకెక్కేది కాదు. దానికి కారణం నా చిన్నతనంలో ఉంది. అందుకని మిమ్మల్ని కాస్త వెనక్కి తీసుకెళ్తాను, ఓపిక పట్టండి, ఆ రోజులంటే నాకు ప్రాణం కూడాను.

మాది దివిసీమలో అవనిగడ్డ దాటాక సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. నాన్న నాకు ఊహ తెలియకముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు, అమ్మ సువార్తమ్మ ఊడ్పులకూ కలుపులకూ కోతలకూ వెళ్ళి నన్ను పెంచింది. మా మందిరం తాటాకుల పాక, నేల పేడతో అలికేవాళ్ళం, వర్షం పడితే ప్రసంగం ఆపి అందరం చాపలు పట్టుకుని కారని మూలకు జరిగేవాళ్ళం, మళ్ళీ ఆమెన్ అని మొదలుపెట్టేవాళ్ళం. ఆ మందిరంలో పెద్దవాళ్ళంతా ఉప్పెన చూసినవాళ్ళు, సముద్రం ఊళ్ళోకి రావడం కళ్ళారా చూసి, తాటిచెట్టును వాటేసుకుని బతికి, తెల్లారేసరికి ఇంట్లోవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు. లోకాంతం అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. అందుకే కాబోలు మా ఊరి విశ్వాసులు ఎదురుపడితే వందనాలు అనేవాళ్ళు కాదు, మరనాత అనేవాళ్ళు, అంటే ప్రభువా రమ్మని. గట్టు మీద నుంచి ఎవరో మరనాత సువార్తమ్మా అంటే, అమ్మ మడిలో నడుమెత్తి, మరనాత అన్నయ్యా, తూములో నీళ్ళు తగ్గాయి కాస్త చూడు అనేది. ప్రభువు రాకడా పొలం తూమూ ఒకే ఊపిరిలో! ఆ పిలుపు విని ఎన్నాళ్ళైందో, తలచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

నేను మూడో తరగతిలో ఉండగా సువార్త కూటాలకు ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మనిషి మంచివాడే, పిల్లలకు బిళ్ళలు పంచాడు, ముసలివాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చేశాడు. మందిరం ముందు రెండు గెడలు పాతి మధ్యన పెద్ద గుడ్డ పటం కట్టాడు. ఆ పటంలో ఒక చివర ఏదెను తోట, ఇంకో చివర అగ్నిగుండం, మధ్యలో బోలెడు తలలున్న మృగం, దానికింద ఒకే పొలంలో పని చేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె మబ్బుల్లోకి వెళ్ళిపోతోంది, రెండో ఆమె కొడవలి పట్టుకుని నోరు తెరిచి పైకి చూస్తోంది. ఆ రెండో ఆమె ముఖం అచ్చం మా అమ్మ ముఖంలా ఉందని నాకనిపించింది. ప్రసంగీకుడు కర్రతో ఆమెను చూపించి, ప్రభువు వచ్చే గడియలో ఎవరి పెదవుల మీద ప్రార్థన ఉంటుందో వాళ్ళే వెళ్తారు, లేనివాళ్ళు ఉండిపోతారు అన్నాడు. పెద్దవాళ్ళు హల్లెలూయ అని ఇళ్ళకు వెళ్ళి అన్నాలు తిన్నారు. నేను మాత్రం చిన్న లెక్క కట్టుకున్నాను, నిద్రలో ప్రార్థన ఉండదు కదా, కాబట్టి నిద్రపోకూడదు.

ఇక చూసుకోండి నా అవస్థ. కళ్ళు మూతలు పడుతుంటే చేయి గిల్లుకునేదాన్ని, పగలు బడిలో కునుకుతూ మాస్టారి చేత మొట్టికాయలు తినేదాన్ని. పక్కన అమ్మేమో రోజంతా బురదలో వంగి నాట్లు వేసి వచ్చి, చాప మీద ఒరిగిందంటే గురకే! అమ్మ విడువబడిపోతుందని నాకు ఏడుపొచ్చేది. కుదిపి లేపి, అమ్మా ప్రార్థన చెయ్యవే అనేదాన్ని, అమ్మ కళ్ళు తెరవకుండానే ఆమెన్ అని అటు తిరిగి పడుకునేది. ఆ భయాన్ని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పాలనీ అనిపించలేదు, అది నాకు భయంలా కాకుండా భక్తిలాగే తోచేది.

పెద్దదాన్నయ్యాను, బందరులో టీచర్ ట్రైనింగ్ చదివాను, పెళ్ళై గుడివాడ వచ్చాను. భయం పోలేదు, కాకపోతే బుద్ధిగా ఒక మూల కూర్చుంది. పడుకోబోయే ముందు ఆ రోజు చేసిన తప్పులన్నీ ఒప్పుకోవాలి, తెలిసినవాళ్ళందరి పేర్లూ ప్రార్థనలో ఎత్తాలి, మధ్యలో కునుకు పట్టిందంటే మళ్ళీ మొదటినుంచి. బస్సులో కిటికీ గాలికి అందరూ హాయిగా జోగుతుంటే నేను సీటు కడ్డీ పట్టుకుని నిటారుగా కూర్చునేదాన్ని. తర్వాత అమ్మ చనిపోయింది. ఆ తర్వాత కరోనా వచ్చింది, ఫోనులో వీడియోలు వచ్చాయి, ఎక్కడ యుద్ధం జరిగినా ఎక్కడ భూమి కంపించినా ఇదిగో ఇదే రాకడ గుర్తు అని ఎర్రటి అక్షరాలతో చెప్పేవాళ్ళు మోపయ్యారు. మూల కూర్చున్న భయం లేచి ఇల్లంతా తిరిగింది. అప్పుడే ఈ గడ్డ కనబడింది సహోదరులారా.

మావారు మంచి వేళాకోళం మనిషి, బస్సులో ప్రయాణికులను నవ్విస్తూ టికెట్లు కొడతాడని పేరు. ఆయన మొదట బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు, ఒకరోజు అన్నం కంచం ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అది చూడలేక, మన చర్చి హాల్లో రాకడ మీద పాఠాలు పెడుతున్నారు, అవి అయ్యాక తేదీ చెబుతానులే అని తప్పించుకున్నాను.

ఆ పాఠాలు చెప్పడానికి బందరు నుంచి జీవరత్నం అయ్యగారు వచ్చేవారు, బైబిలు కళాశాలలో చాలాకాలం బోధించి రిటైరైన పెద్దాయన, చెవులు కాస్త మందం, కంఠం మాత్రం ఖంగుమంటుంది. గుర్తులు ఎంతవరకు వచ్చాయో, ఇంకెంత టైముందో ఆయన లెక్క చెబుతారని నేను వెళ్ళాను. ఆయన లెక్కలేవీ చెప్పలేదు. ఆదిమ సంఘం ప్రభువు కోసం ఎలా ఎదురుచూసిందో, దాని గురించి పండితులు ఏమంటున్నారో చెప్పడం మొదలుపెట్టారు. మరనాత అనే మాట మొదటి విశ్వాసులు మాట్లాడిన అరామిక్ భాషలోదట, గ్రీకులో రాసిన ఉత్తరంలో కూడా దాన్ని మార్చకుండా అలాగే ఉంచారంటే అది సంఘం నేర్చుకున్న మొట్టమొదటి ప్రార్థనల్లో ఒకటై ఉండాలని చాలామంది పండితులు అంటారట. అది వినగానే మా ఊరి గట్లు, అమ్మ బురద చేతులు కళ్ళముందు కదిలి, మా పల్లె నోట్లో అంత పాత మాట ఉండేదా అని ఒళ్ళు పులకరించింది.

కానీ ఆ తర్వాత ఆయన చెప్పిన మాటలకు హాలంతా గతుక్కుమంది. పౌలు భక్తుడూ ఆ తరంవాళ్ళూ తాము బతికుండగానే ప్రభువు వస్తాడని నిజంగా అనుకున్నారని పండితుల్లో ఒక వర్గం అంటుందట, ముందు రాసిన ఉత్తరంలో ఆయన బతికుండేవాళ్ళలో తననూ కలుపుకుని మాట్లాడాడనీ, తర్వాతి వాటిలో తన మరణం గురించి ఆలోచించాడనీ వాళ్ళు చూపిస్తారట. ఇంకో వర్గం, దేవుని రాజ్యం యేసుప్రభువు పరిచర్యలోనే వచ్చేసింది, దాన్ని ఎప్పుడో రాబోయేదిగా మాత్రమే చూడకూడదు అంటుందట. సూర్యుడు చీకటవడం, నక్షత్రాలు రాలడం లాంటివి పట్టణాలు కూలిపోయినప్పుడు ప్రవక్తలు వాడే మాటలని, వాటిని ఆకాశంలో వెతకనక్కర్లేదని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారట. ఇప్పుడు ఎక్కువమంది రెండూ కలిపి చెబుతారు అన్నారాయన, నారుమడి పచ్చబడింది, కోత ఇంకా రాలేదు, మనం మధ్యలో ఉన్నాం అని. ప్రభువు రాక ఆలస్యమైనందుకు ఆదిమ సంఘం కుంగిపోయిందని కొందరంటే, అంతగా కుంగినట్టు ఆనవాళ్ళు లేవు, వాళ్ళు విధవరాళ్ళకు అన్నం పెడుతూ, చనిపోయినవాళ్ళను పాతిపెడుతూ, రొట్టె విరుస్తూ సాగిపోయారని మరికొందరంటారట. రాకడ దగ్గరపడిందని పనులు మానేసి కూర్చున్నవాళ్ళు ఆ రోజుల్లోనే ఉన్నారట, వాళ్ళకు గట్టిగానే చివాట్లు పడ్డాయట.

మా సంఘపెద్ద ఒకాయన ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు.

"అయితే అపొస్తలుడు పొరబడ్డాడంటారా అయ్యగారూ?"

అయ్యగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, నెమ్మదిగా చెప్పారు. "అలా అనే పండితులూ ఉన్నారండి, కాదనేవాళ్ళూ ఉన్నారు. నాకు తెలిసింది ఒకటే, ఆయన ఆశపడ్డాడు. ఊరెళ్ళిన మనిషి కోసం ప్రతి బస్సుకీ వెళ్ళి చూసే ఆడమనిషిని పొరబడిందని మనం అనం కదా."

సంఘపెద్ద కూర్చున్నాడు గాని ఆయన ముఖం తేలిక పడలేదు, నాదీ పడలేదు. నిజం చెప్పాలంటే నేను ఇంటికి వచ్చి ఇంకా చీకట్లో పడ్డాను. ఇంతకుముందు భయం ఒక్కటే ఉండేది, ఇప్పుడు దానికి సందేహం తోడైంది. అంత ప్రేమతో ఎదురుచూసినవాళ్ళే ఆయన్ను చూడకుండా చనిపోయారే, మరి నేనెంత, నా మెలకువెంత అని దిగులు పట్టుకుంది. ఆ వారంలో ఒక మధ్యాహ్నం బడిలో దగ్గు తెర వచ్చి ఊపిరి అందక గోడ పట్టుకుని కూర్చుండిపోయాను, పిల్లలు భయపడి ఏడ్చారు. ఆ ఏడుపు విన్నాక ఇక లాభం లేదనిపించి, మర్నాడు సెలవు పెట్టి బందరు బస్సెక్కాను.

అయ్యగారు వరండాలో కుర్చీ వేసుకుని పేపరు పరుచుకుని మునగాకు దూస్తున్నారు. కూర్చోమ్మా అని నా ముందుకూ రెండు రెమ్మలు నెట్టారు. నేను ఆకు దూస్తూనే అంతా చెప్పేశాను, పటం, చేయి గిల్లుకోవడం, గడ్డ, మత్తు, ఏదీ దాచలేదు, ఎన్నో ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెవులు సరిగా వినబడని మనిషికి అరిచి మరీ చెప్పాల్సొచ్చింది. ఆయన నవ్వలేదు, జాలి కూడా పడలేదు. ఆకు దూస్తూనే అడిగారు.

"మీ అమ్మగారిని ఎక్కడ పెట్టారమ్మా?"

"మా ఊళ్ళోనేనండి. నాన్న పక్కన."

"తల ఎటు పెట్టారు?"

"పడమటికండి. మా ఊళ్ళో అందరికీ అంతేగా. ప్రభువు వచ్చినప్పుడు లేచి కూర్చుంటే మొహం తూర్పుకి ఉండాలని."

"లేస్తుందని నీకేమన్నా అనుమానముందా?"

"లేదండి."

"ఆ సమాధిలో ఉన్న శరీరం ఇప్పుడు ప్రార్థన చేస్తోందా? కాపలా కాస్తోందా?"

లేదని తల అడ్డంగా ఊపాను. ఆయన నా వైపు చూడకుండానే అన్నారు.

"మట్టిలో పడుకుని ఏమీ చెయ్యలేని మనిషిని ఆయన మర్చిపోడని నమ్మి, తల పడమటికి పెట్టించావు. మరి బల్ల మీద కాసేపు పడుకుంటే నిన్ను మర్చిపోతాడని ఎలా అనుకున్నావమ్మా?"

తర్వాత ఆయన తెస్సలొనీక సంఘం సంగతి చెప్పారు. మన చేతికొచ్చిన పౌలు ఉత్తరాల్లో అన్నిటికంటే పాతది వాళ్ళకు రాసిందేనని పండితుల్లో చాలామంది అభిప్రాయమట. ప్రభువు నేడో రేపో వస్తాడని వాళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటే, ఈలోపు వాళ్ళలో కొందరు చనిపోయారట, అయ్యో మనవాళ్ళు ఆయన రాకను చూడకుండా పోయారే, వెనకబడిపోయారే అని మిగిలినవాళ్ళు బెంగ పెట్టుకున్నారట. ఆ బెంగ పడ్డారంటేనే వాళ్ళు ఎంత త్వరగా వస్తాడనుకున్నారో తెలుస్తుందని పండితులు అంటారట. వాళ్ళకు వెళ్ళిన జవాబేమిటంటే, చనిపోయినవాళ్ళు వెనకబడరు, ముందు లేచేది వాళ్ళే, బతికున్నవాళ్ళు తర్వాత అని! దేవునికే మహిమ కలుగును గాక! సంఘం చరిత్రలో రాకడ గురించి మనకు తెలిసిన మొట్టమొదటి భయం నా భయమే సహోదరులారా, ఆ మొట్టమొదటి ఓదార్పు కూడా నాకోసమే. ఇన్నేళ్ళుగా నా మెలకువే నన్ను ప్రభువు దగ్గరికి చేరుస్తుందనుకున్నాను, ఏ మెలకువా లేనివాళ్ళనే ఆయన ముందు లేపుతాడని ఎన్నిసార్లు చదివానో, ఒక్కసారీ నా కోసం చదువుకోలేదు.

తిరుగు బస్సులో పెడన దాటేవరకు ఏడుస్తూనే ఉన్నాను, రోడ్డు పక్కన ఆరేసిన అద్దకం గుడ్డలన్నీ కన్నీళ్ళలో కలిసిపోయి కనబడ్డాయి. అమ్మ బతికున్నప్పటి ఈస్టర్ పండుగలు గుర్తొచ్చాయి. తెల్లవారుజామునే అందరం సమాధుల దగ్గరికి వెళ్ళేవాళ్ళం, ముందురోజే సున్నం కొట్టి ఉంచేవాళ్ళం, బంతిపూల దండలు వేసి, కొవ్వొత్తులు వెలిగించి, తూర్పు ఎర్రబడేదాకా పాడేవాళ్ళం. అమ్మ నాన్న సమాధి మీద చెయ్యేసి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు ఆ ఏటి సంగతులన్నీ చెప్పేది, కరుణ పాసైంది, గేదె ఈనింది అని. ఆ తర్వాత ట్రాక్టరెక్కి పాలకాయతిప్ప వెళ్ళేవాళ్ళం, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చిన్నపిల్లలా అలల్లో నిలబడేది. ఏ సముద్రం తనవాళ్ళను తీసుకుపోయిందో ఆ సముద్రంలోనే నవ్వుతూ నిలబడేది. అమ్మకు భయం లేకపోవడం భక్తి తక్కువై కాదని నాకు ఆ రోజు బస్సులో అర్థమైంది. ఆ తరంవాళ్ళు ఇప్పుడు ఒక్కొక్కరూ సున్నం కొట్టిన ఆ వరసలో చేరిపోయారు, మా ఊళ్ళో ఇప్పుడు ఎవరైనా ఎదురుపడితే గుడ్ మార్నింగ్ అంటున్నారు.

ఇంటికి రాగానే మావారితో, డాక్టరుగారిని తేదీ అడగండి అన్నాను. ఆయన నమ్మలేక నా నుదురు పట్టుకుని జ్వరమేమో చూశాడు.

ఆపరేషన్ రోజు థియేటర్లో చలికి వణికాను, భయానికీ వణికాను, లేదని అబద్ధమాడను. మత్తు డాక్టరమ్మ ముక్కు మీద మాస్కు పెడుతూ, గట్టిగా ఊపిరి పీల్చండమ్మా అంది. అలవాటుకొద్దీ తప్పులు ఒప్పుకోవడం, పేర్లు ఎత్తడం మొదలుపెట్టబోయాను. అంతలో ఆపేసి ఒక్క ప్రార్థన చేశాను. ప్రభువా, ఇన్నాళ్ళూ నిన్ను నేనే కాపలా కాస్తున్నాననుకున్నాను, అలిసిపోయాను, నావల్ల కాదు, ఇక నువ్వే నన్ను చూసుకో, వస్తే రా, నేనిక్కడే ఉంటాను. ఆమెన్ అన్నానో లేదో కూడా గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి గొంతంతా మంట, చుట్టూ తెల్లటి వెలుతురు, గదిలో ఒక్క మనిషి లేడు. పక్క మంచం ఖాళీ, దుప్పటి సగం జారి ఉంది, పొద్దున ఆ మంచం మీద చూసిన ముసలమ్మా లేదు, నర్సూ లేదు, తలుపు దగ్గర కూర్చుంటానన్న మావారూ లేడు, ఆయన చెప్పులు మాత్రం గడప దగ్గర ఉన్నాయి. సహోదరులారా, నాకోసమే అమర్చి పెట్టినట్టుంది ఆ గది! వెనకటి కరుణైతే సెలైను పీక్కుని కేకలు పెట్టేది. నేను ఆ ఖాళీ గదినంతా ఒకసారి చూశాను. ప్రభువు వచ్చి ఉంటే నన్నూ లేపేవాడు, రాకపోయుంటే వీళ్ళు టీకి వెళ్ళుంటారు అనుకున్నాను. అనుకుని, కళ్ళు మూసుకుని, నా జీవితంలో మొదటిసారి ప్రార్థన ముగించకుండా మళ్ళీ నిద్రపోయాను.

గడ్డ మంచిదేనని రిపోర్టు వచ్చింది, దేవునికి స్తోత్రం. చెడ్డదని వచ్చి ఉన్నా ఈ సాక్ష్యం రాసేదాన్ననే అనుకుంటున్నాను, ఎందుకంటే ఆయన నన్ను విడిపించింది గడ్డ నుంచి మాత్రమే కాదు. గొంతు కాస్త బొంగురుపోయింది, పిల్లలు వెనక నన్ను అనుకరిస్తున్నారని తెలుసు, అనుకరించనివ్వండి. పండితుల్లో ఎవరి మాట సరైనదో నాకు ఇప్పటికీ తెలియదు, జీవరత్నం అయ్యగారు కూడా తేల్చి చెప్పలేదు. ప్రభువు వస్తాడని మాత్రం నేను నమ్ముతున్నాను, మా ఊరి గట్ల మీద నమ్మినట్టే నమ్ముతున్నాను, ఇప్పుడు అమ్మలాగా సంతోషంగా నమ్ముతున్నాను. నాతో కలిసి ఆయనకు కృతజ్ఞతలు చెప్పండి.

ఇది చదువుతున్న మీలో నాలాంటివాళ్ళు ఉండొచ్చు, ఫోనులో వీడియోలు చూసి గుండె దడ పట్టుకున్నవాళ్ళు, పిల్లలకు ఏ భవిష్యత్తూ ఊహించుకోలేకపోతున్నవాళ్ళు, ఆపరేషన్ తేదీ వాయిదా వేసుకుంటూ అసలు కారణం ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళు. మీతోనే మాట్లాడుతున్నాను. ఆయన మీ చేతుల్లో లేడు, మీరే ఆయన చేతుల్లో ఉన్నారు. ఈ పూట ఫోను పక్కన పెట్టి, దీపం ఆర్పి, ప్రార్థన సగంలో ఆగిపోయినా సరే, హాయిగా పడుకోండి. వచ్చేవాడు మిమ్మల్ని లేపుతాడు.